ఒక లెక్క – కల్లితండా మురళి నాయక్ జ్ఞాపకంగా

చనిపోయినవారిని గురించి రాయాలంటే వారితో కనీసం ముఖ పరిచయమైనా ఉండాలని నా అభిప్రాయం. మురళి నాయక్‌ను నేను ఎన్నడూ చూడలేదు. అతని ఊరు కల్లితండా గోరంట్ల మండలంలో ఉంది. మా హిందూపురానికి అదేమంత దూరం కాదు. అతను చదువుకున్న సోమందేపల్లి మీదుగా నేను పెనుకొండకు ఎన్నిసార్లు వెళ్ళి ఉంటానో లెక్క లేదు. బస్సు ఆగినప్పుడు పుస్తకాల సంచులు భుజాన వేసుకుని ఎక్కే పిల్లల్లో అతనూ ఉండి ఉండవచ్చు. నేను కిటికీ పక్కన కూర్చుని ఎవరి పద్దులో చూసుకుంటూ ఉండి ఉంటాను.

అయినా అతని మరణం నాకు సంబంధించినదే అని 2025 మే నెల నుండి నాకు అనిపిస్తూనే ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా మేనల్లుడి సంగతి చెప్పవలసి ఉంటుంది.

మా నాయన హిందూపురం చింతపండు మండీలో గుమాస్తా. కరిపులి ఎంత, ఫ్లవర్ ఎంత, ఏ రైతుకు ఎంత బాకీ అన్నవి ఆయనకు నోటికి వచ్చేవి. ఆయన దగ్గర నేర్చిన లెక్కలతోనే నేను అంగళ్ళవారికి పద్దులు రాసి, పన్నుల కాగితాలు సిద్ధం చేసి బతికాను. మా చెల్లెలిని ధర్మవరంలో నేతవారి ఇంట ఇచ్చాము. పట్టుచీరల ఊరు కనుక పిల్ల సుఖపడుతుందని అందరమూ అనుకున్నాము. చీర కట్టుకునేవారికీ, నేసేవారికీ మధ్య ఎంతమంది ఉంటారో ఆనాడు మాకు తెలియదు. షావుకారు ఇచ్చిన పట్టు, షావుకారు ఇచ్చిన జరీ, షావుకారు కట్టిన కూలి. మా బావ ముప్పయ్యేళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చున్నాడు. ఆయన నేసిన చీరల్లో ఒకటైనా మా చెల్లెలి పెట్టెలో లేదు.

వాళ్ళకు ఒక్కడే కొడుకు. 2020లో కరోనా వచ్చి మగ్గాలు ఆగిపోయినప్పుడు వాడు డిగ్రీ చదువుతున్నాడు. ఆ కష్టం ఇంట్లో అందరినీ ఒక విధంగా తాకింది, వాణ్ణి మరొక విధంగా తాకింది. మగ్గంలో కూర్చోనని చెప్పాడు. తెల్లవారుజామున లేచి ధర్మవరం చెరువు కట్ట మీద పరుగెత్తటం మొదలుపెట్టాడు. సైన్యంలో చేరాలని వాడి పట్టుదల. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల లోపు పరుగెత్తితే పూర్తి మార్కులు వస్తాయి, పది సార్లు కమ్మీ పట్టుకుని పైకి లేవాలి, ఇదే వాడి లోకం. సెలవులకు మా ఇంటికి వచ్చినా ఆ గొడవే.

*

2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. కరోనా వల్ల రెండేళ్ళు నియామకాలు జరగలేదు కనుక ఆ ఒక్క ఏడాదికి వయోపరిమితిని 23 ఏళ్ళకు పెంచారు. మావాడికి అప్పటికి 21. ర్యాలీకి పేరు నమోదు చేసుకునే ముందు వాడు నా దగ్గరకు వచ్చాడు. చెల్లెలు పంపిందని తర్వాత తెలిసింది. "మీ మామ లెక్క చూసి ఔనంటే పో" అన్నదట.

నేను గోడకున్న క్యాలెండరులో గడిచిపోయిన నెల కాగితం చించి, దాని వెనుక లెక్క వేశాను. మొదటి ఏడు నెలకు 30,000. అందులో 30 శాతం నిధికి పోతే చేతికి 21,000. రెండో ఏడు 33,000, మూడో ఏడు 36,500, నాలుగో ఏడు 40,000. అన్నిటిలోనూ అదే కోత. నాలుగేళ్ళలో చేతికి వచ్చేది సుమారు 11 లక్షల 72 వేలు. బయటికి వచ్చేటప్పుడు సేవానిధి పేరిట 11 లక్షల 71 వేలు. నూటికి 25 మందిని మాత్రమే ఉంచుకుంటారు. మిగిలిన 75 మంది ఇంటికి రావలసిందే. పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. కాగితం మూలన ఇంకొక అంకె రాశాను. విధి నిర్వహణలో మరణిస్తే 48 లక్షల బీమా. రాసి, వెంటనే దాని మీద గీత కొట్టేశాను. అది లెక్కలో కలపదగిన అంకె కాదనుకున్నాను.

"నాలుగేండ్లే గదా మామా. ఆ డబ్బుతో వచ్చి అంగడి పెట్టుకుంటా" అన్నాడు వాడు.

"అంగడే పెట్టేదైతే ఇప్పుడే పెట్టు. నాలుగేండ్లు యాల పోగొట్టుకోవాల?" అన్నాను.

వాడు ఇంకేదో చెప్పబోయాడు. అంగడి కోసం కాదనీ, అంగడి మాట నా కోసం చెప్పాడనీ నాకు తెలుసు. కాని చేతిలో కాగితం ఉన్నవాడిదే పైచేయి అవుతుంది. వాడు ర్యాలీకి పోలేదు. నేను కొంత డబ్బు సర్దాను, వాళ్ళ నాయనకు తెలిసిన నేతగాళ్ళు కొందరు సరుకు అరువిచ్చారు. వాడు బెంగళూరు వెళ్ళి చీరల వ్యాపారం మొదలుపెట్టాడు. చిన్న గది, రెండు బీరువాలు, ఒక ఫోను. వీడియోలో చీర విప్పి చూపించటం, బేరం కుదిరితే కొరియరు చేయటం. పరాయి ఊరిలో పరాయి భాషలో వ్యాపారం చేసి మొదటి ఏడాదే నా డబ్బు తిరిగి ఇచ్చాడు. నా లెక్క తప్పలేదని నలుగురి దగ్గరా చెప్పుకున్నాను.

ఆ 2022 చివరి నెలల్లోనే కల్లితండా మురళి నాయక్ అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు.

*

తండాల సంగతి మా ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. వాన తక్కువ, వేరుసెనగ మీద ఆశ ఎక్కువ. పంట పోయిన ఏడు బెంగళూరు, పోయిన ఏళ్ళు వరుసగా వస్తే బొంబాయి. మురళి తల్లిదండ్రులు కూడా అలా బొంబాయి వెళ్ళి కూలి చేసుకున్నవారే. ఒక్కగానొక్క కొడుకును ఇక్కడ సోమందేపల్లిలో చదివించారు. పిల్లవాడి కోసం ఊరు విడిచి, పిల్లవాణ్ణే విడిచి ఉండవలసి రావటం ఎటువంటిదో వలస వెళ్ళినవారికే తెలుస్తుంది.

ఈ వలస నిన్నటిది కాదు. లంబాడీలు ఒకప్పుడు కూలికి వలస వెళ్ళినవారు కారు, వర్తకం కోసం తిరిగినవారు. వేలాది ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశం ఈ కొస నుండి ఆ కొసకు నడిచిన బిడారులు వాళ్ళవి. మొగలు సైన్యాలకు, నిజాము సైన్యాలకు తిండిగింజలు మోసినవారు వాళ్ళే. 1791-92లో టిప్పు సుల్తాను మీద యుద్ధానికి వచ్చిన కార్న్‌వాలిసు సైన్యమూ ఆ ఎద్దుల మోతల మీదనే ఆధారపడింది. సైన్యం ముందు నడిస్తే, ఆ సైన్యాన్ని బతికించే వర్తకుడు వెనుక నడిచేవాడు. రైలు వచ్చాక ఎద్దుల మీద సరుకు పంపేవారు లేకపోయారు. తెల్లదొరల ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద, దేశాన్నంతా నడిచి చూసిన ఆ జనంలో ఎన్నో బృందాలను దొంగల జాబితాలో కట్టేసింది. వర్తకులు కూలీలయ్యారు. మా బెంగళూరు–గుంతకల్లు రైలుమార్గం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడింటినీ దారానికి పూసల్లా కుట్టింది. మండీలో నాలుగు మెతుకులు దొరకటానికి మాకు ఆ రైలే కారణం. అదే రైలు ఇంకొకరి ఎద్దులను ఇంటి ముందర కట్టేసిందని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

పెనుకొండ కొండను చూసినప్పుడల్లా నాకు ఇంకొక ఆలోచన వస్తుంది. 1565 యుద్ధంలో విజయనగరం ఓడాక రాజ్యం తలదాచుకున్న కోట అది. ఓడినవారు ఇక్కడికి వచ్చి మళ్ళీ కొలువు తీర్చారు. ఎవరెవరి బిడ్డలు ఆ బురుజుల మీద నిలబడ్డారో, ఎక్కడి నుండి వచ్చి నిలబడ్డారో ఏ శాసనంలోనూ ఉండదు. శాసనాలలో దానం చేసినవారి పేర్లుంటాయి. ఇప్పుడు ఆ కొండ పక్కనే ఎర్రమంచి దగ్గర కార్ల కర్మాగారం ఉంది. ఇటు పాలసముద్రం దగ్గర 2024లో ప్రధాని ప్రారంభించిన కస్టమ్సు శిక్షణ అకాడమీ ఉంది. వాటి మధ్యనున్న తండాల పిల్లలు ఈ రోజుకూ సైన్యంలో ఉద్యోగం కోసం తెల్లవారుజామున రోడ్డు పక్కన పరుగెత్తుతూ కనిపిస్తారు.

*

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. మే 7న మన సైన్యం దాడులు చేసింది. ఆ తర్వాత నియంత్రణ రేఖ వెంబడి అటునుండి ఫిరంగులు కురిశాయి. మే 9 తెల్లవారుజామున జమ్మూ కాశ్మీరులో ఆ కాల్పులలో 851 లైట్ రెజిమెంటుకు చెందిన అగ్నివీర్ మురళి నాయక్ మరణించాడు. వయసు 23.

మరునాడు శనివారం సాయంత్రం అయిదు గంటలకు కాల్పుల విరమణ మొదలయింది. ఆ శనివారమే అతని దేహం బెంగళూరు మీదుగా సొంత ఊరికి చేరింది. ఒక్కటిన్నర రోజు! నేను మళ్ళీ మళ్ళీ ఆ గంటలనే కూడి తీసివేసి చూసుకున్నాను. అలవాటు అటువంటిది.

మే 11 ఆదివారం కల్లితండాలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రి లోకేశ్, మరికొందరు మంత్రులు వచ్చారు. మా పెనుకొండ శాసనసభ్యురాలు సవిత, ధర్మవరం శాసనసభ్యుడు సత్యకుమార్ యాదవ్ కూడా మంత్రులే, వారూ ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, అయిదెకరాల పొలం, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. పవన్ కల్యాణ్ తన సొంతంగా 25 లక్షలు ఇస్తానన్నారు. ఇవన్నీ టీవీలో చూశాను. అంకెలు చెబుతున్నప్పుడు నాకు నా క్యాలెండరు కాగితం మూలన గీత కొట్టిన అంకె గుర్తొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నమే మా చెల్లెలు ఫోను చేసింది. ఏడుస్తున్నది. "అన్నా, ఆ పొద్దు నువ్వు అడ్డం పడినందుకు నీ కాళ్ళకు మొక్కల్ల. లేకుంటే ఈ పొద్దు నా గతి ఏమి?" అన్నది.

నాకు సంతోషం కలిగింది. ఇది దాచకుండా చెప్పవలసిన మాట. మా పిల్లవాడు బతికి ఉన్నాడు, బెంగళూరులో చీరలు మడత పెడుతున్నాడు అన్న సంతోషం. ఫోను పెట్టేశాక ఆ సంతోషం నోట్లో చేదుగా మిగిలింది. ఎందుకంటే ఆ సరిహద్దులో ఆ తెల్లవారుజామున ఎవరో ఒకరు నిలబడవలసిందే. మావాడిని నేను లెక్కలో నుండి తీసివేసినంత మాత్రాన ఆ స్థలం ఖాళీ కాలేదు. లెక్క వేసి వద్దని చెప్పే మేనమామ లేని పిల్లవాడు, లేదా ఉన్నా ఆ మాట చెవిన పెట్టని పిల్లవాడు అక్కడ నిలబడ్డాడు.

నేను కల్లితండాకు వెళ్ళలేదు. ఎండ అనుకున్నాను, జనం అనుకున్నాను. నిజానికి ముఖం చెల్లలేదు. మా మేనల్లుడు వెళ్ళాడు. శనివారం రాత్రి బెంగళూరు నుండి ధర్మవరం వచ్చి, ఆదివారం పొద్దున మోటారు సైకిలు మీద ఒక్కడే వెళ్ళి, రాత్రికి హిందూపురంలో మా ఇంటికి వచ్చాడు. అన్నం పెడితే తిన్నాడు. ఏం చూశావురా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నా ఈడోడే మామా. నా కంటే ఒక ఏడు చిన్న" అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

*

ఆ మే నెలలోనే పత్రికల్లో మరొక వార్త వచ్చింది. అవసరమైతే ప్రాదేశిక సైన్యంలోని ప్రతి అధికారినీ, ప్రతి సైనికుణ్ణీ పిలవటానికి సైన్యాధిపతికి అధికారం ఇస్తూ రక్షణ శాఖ మే 6 తేదీతో ఉత్తర్వు వెలువరించింది. 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్ల మాట అందులో ఉంది.

టెరిటోరియల్ ఆర్మీ అంటే మనలో చాలామందికి క్రికెటర్ ధోనీకి ఇచ్చిన గౌరవ హోదాగానే తెలుసు. దాని కథ వేరు. 1948లో చట్టం చేసి, 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించిన పౌరుల సైన్యం అది. అధికారిగా చేరాలంటే డిగ్రీ ఉండాలి, 18 నుండి 42 ఏళ్ళ మధ్య వయసు ఉండాలి, ముఖ్యంగా సొంత సంపాదన ఉండాలి. ఉద్యోగస్థుడైనా సరే, వ్యాపారస్థుడైనా సరే. ఏడాదిలో కొంతకాలం శిక్షణ, మిగిలిన కాలం తన పని. యుద్ధం వస్తే మాత్రం అంగడి తలుపు దించి వెళ్ళాలి. 1962, 1965, 1971 యుద్ధాలలో అటువంటివారు పనిచేశారు. కాశ్మీరులో 2018 నవంబరులో ఉగ్రవాదులతో పోరాడి మరణించి, 2019లో అశోకచక్ర పొందిన నజీర్ అహ్మద్ వానీ కూడా మొదట టెరిటోరియల్ ఆర్మీలోనే చేరాడు.

నాకు ఇవన్నీ తెలియటానికి కారణం మా మేనల్లుడే. ఆ మే నెలలోనే అధికారుల పోస్టులకు దరఖాస్తులు పిలిచారు. పోస్టులు చాలా కొద్ది. వాడు మళ్ళీ నా దగ్గరకు వచ్చాడు. ఈసారి అనుమతి అడగటానికి రాలేదు.

"మామా, వ్యాపారం చేసుకునేవాళ్ళు ఆదాయం చూపిస్తూ స్టాంపు కాగితం మీద అఫిడవిట్ ఇయ్యల్లంట. నా లెక్కలు చూసేది నువ్వే గదా" అన్నాడు.

మూడేళ్ళ క్రితం నేను అన్న మాటను వాడు నాకే అప్పజెప్పాడు. అంగడే పెట్టేదైతే ఇప్పుడే పెట్టు అన్నాను. పెట్టాడు. అంగడి ఉన్నవాడికే ఇప్పుడు ఆ తలుపు తెరుచుకున్నది.

నేను వాదించటానికి సిద్ధపడ్డాను. మీ అమ్మ అన్నాను. నువ్వు ఒక్కడివే అన్నాను. "ఆ పిల్లోడూ ఒక్కడే" అన్నాడు వాడు, తల ఎత్తకుండా. నేను లేచి బీరువాలో ఆ పాత క్యాలెండరు కాగితం వెదికాను. ఇంకా ఉంది. కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వచ్చే డబ్బు రాశాను, పోయే ఏళ్ళు రాశాను, రాని పింఛను రాశాను. చెరువు కట్ట మీద రెండేళ్ళు చీకటితో లేచి పరుగెత్తినవాడికి ఆ పరుగు మానేస్తే ఏం పోతుందో రాయలేదు. ఆ పద్దు వేయటం మా నాయన నాకు నేర్పలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

అఫిడవిట్ రాసి ఇచ్చాను. రాస్తుండగా చెల్లెలు ఫోను చేసింది. "ఏం చేస్తాండావన్నా?" అని అడిగింది. "నీ కొడుకు పద్దులు చూస్తాండా" అన్నాను. అది అబద్ధం కాదు.

*

ఆ ఏడు రాత పరీక్ష ఫలితాలలో మావాడి సంఖ్య లేదు. వాడు పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు. దసరాకు చీరల గిరాకీ బాగుందని చెప్పాడు. ఆదివారాలు ఇప్పటికీ పొద్దున్నే పరుగెత్తుతాడని వాడి గదిలో ఉండే స్నేహితుడు అన్నాడు.

2025లోనే మురళి నాయక్ తల్లి బొంబాయి హైకోర్టును ఆశ్రయించింది. మామూలు సైనికుడు మరణిస్తే కుటుంబానికి అందే పింఛను మొదలైన ప్రయోజనాలు అగ్నివీర్ కుటుంబానికీ అందాలని ఆమె కోరింది. తూటాకు, ఫిరంగి గుండుకు నాలుగేళ్ళ కొలువు అనీ, పూర్తి కొలువు అనీ తేడా తెలియదు కదా. ఆ వార్త చదివినప్పుడు నేను సిగ్గుపడ్డాను. పింఛను లేదు అన్న మాటను నేను మావాణ్ణి ఆపటానికి ఒక కారణంగా వాడుకున్నాను. ఆ తల్లి అదే మాటను ఒక ప్రశ్నగా పట్టుకుని న్యాయస్థానం మెట్లెక్కింది. లెక్కలు తెలిసినవాణ్ణి నేను. లెక్క అడగవలసిన చోట అడిగింది ఆమె.

ఈ మధ్య ఒక పని మీద గోరంట్ల వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు కల్లితండా దారి ఎటు అని ఒక ముసలాయనను అడిగాను. "మురళి ఊరికా సామీ?" అని ఆయన చెయ్యెత్తి చూపించాడు. ఊరి పేరు అడిగితే మనిషి పేరుతో జవాబు రావటం నేను అంతకు ముందు ఎరగను. ఆ దారిన కొంత దూరం వెళ్ళి, తండా చేరకుండానే ఆగి వెనక్కు వచ్చాను. వెళ్ళి ఎవరితో ఏమి చెప్పాలో తెలిసినప్పుడు మళ్ళీ వెళ్ళాలి.

మేనల్లుడి అఫిడవిట్ నమూనా నా దగ్గర ఉంది. వాడు అడగలేదు, నేనే మరొకటి రాసి పెట్టాను. సంవత్సరం దగ్గర మాత్రం ఖాళీ వదిలాను.